తల్లిదండ్రులకు స్టేటస్ లేకపోయినా, అమెరికాలో పుట్టిన అమ్మాయికి కాలేజీ ఆర్థిక సహాయం: ఒక న్యూజెర్సీ తల్లికి సమాధానం

మీ వివరాలను ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతాను. ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న ఇతర కుటుంబాలు దీన్ని చదివితే తమ సంగతి మీకంటే ఎక్కడ వేరో వారికి తెలియాలి. మీవారు హెచ్‌1బీ మీద న్యూజెర్సీకి వచ్చారు. మీరు, అప్పటికి చంటివాడైన మీ అబ్బాయి హెచ్‌4 మీద వచ్చారు. అమ్మాయి 2008లో ఇక్కడే పుట్టింది. ఉద్యోగం పోయి, మరో కంపెనీ వేసిన పిటిషన్ నిలబడక ముగ్గురి స్టేటస్, అంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా, పోయింది. మీవారికి అప్పట్లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంది. మీకు, అబ్బాయికి పన్నుల కోసం తీసుకున్న ఐటీఐఎన్ మాత్రమే ఉంది. ఏటా భార్యాభర్తలిద్దరూ ఉమ్మడిగా ట్యాక్స్ రిటర్న్ దాఖలు చేస్తున్నారు, 2024 ఆదాయం సుమారు 52,000 డాలర్లు. అమ్మాయి 2026 ఫాల్‌లో కాలేజీలో చేరాలి. దరఖాస్తు చేయవచ్చా, చేస్తే ఇంటి మీదికి ప్రమాదం వస్తుందా, గ్రీన్ కార్డు ఉన్న మీ అన్నయ్యను తల్లిదండ్రుల స్థానంలో చూపితే మేలా, ఊళ్లో ఉన్న రెండెకరాల పొలం సంగతి రాయాలా అని అడిగారు.

నేను కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశాను, కాబట్టి దరఖాస్తు విషయంలో నా మాటను మీరు నమ్మవచ్చు. ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని మాత్రం కాను. వారిని అడిగి తీరవలసిన చోట ఆ మాట స్పష్టంగా చెబుతాను.

ఫెడరల్ ప్రభుత్వ విద్యా సహాయానికి చేసే దరఖాస్తును ఫాఫ్సా అంటారు. ఇందులో పౌరసత్వం గురించిన ప్రశ్న విద్యార్థికే తప్ప తల్లిదండ్రులకు లేదు. మీ అమ్మాయి ఈ గడ్డ మీద పుట్టింది, పద్నాలుగో రాజ్యాంగ సవరణ ప్రకారం అమెరికా పౌరురాలు. ఆమెకు సహాయం పొందే అర్హత తన పౌరసత్వం వల్ల వస్తుంది. మీ వీసా గడువు తీరిందన్న కారణంతో ఆ అర్హత తగ్గదు, పోదు. తల్లిదండ్రుల గురించి ఫాఫ్సా అడిగేది వారెవరు, వారి ఆదాయమెంత, కొందరి విషయంలో ఆస్తులెన్ని, ఇంట్లో ఎంతమంది ఉన్నారు వంటివే. మీ వీసా ఏమిటి, ఎప్పుడు వచ్చారు, ఇప్పుడు ఏ స్టేటస్‌లో ఉన్నారు అన్న ప్రశ్నలు ఆ ఫారంలో లేవు. ఈ ఒక్క సంగతి తెలియక, మన వాళ్లలో ఎందరో తల్లులు, తండ్రులు పిల్లలు నాలుగేళ్లూ దుకాణాల్లో పనిచేస్తూ చదువుకునేలా, లేదా చదువే మానుకునేలా చేశారు. అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

మీ ఇంటి లెక్క ప్రకారం అమ్మాయికి వచ్చేది చిన్న మొత్తం కాదు. 2026–27 విద్యా సంవత్సరానికి 2024 నాటి పన్ను వివరాలనే చూస్తారు. తల్లిదండ్రులు వివాహితులై కలిసి ఉన్న కుటుంబంలో, ట్యాక్స్ రిటర్న్‌లో కొన్ని మినహాయింపుల తర్వాత తేలే వారి అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్ పేదరికపు మార్గదర్శక రేఖకు 175 శాతం లోపల ఉంటే విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్‌కు గరిష్ఠ మొత్తంలో అర్హత వస్తుంది. నలుగురు ఉన్న కుటుంబానికి 2024లో ఆ రేఖ 31,200 డాలర్లు, దానికి 175 శాతం 54,600 డాలర్లు. మీ ఆదాయం 52,000 అయితే మీరు ఆ గీతకు లోపలే ఉన్నారు. కుటుంబ సభ్యుల లెక్కలో స్టేటస్ ప్రసక్తి ఉండదు కాబట్టి మీరు, మీ అబ్బాయి కూడా ఆ నలుగురిలో ఉంటారు. ఇటీవలి సంవత్సరాల్లో పెల్ గ్రాంట్ గరిష్ఠం ఏడాదికి 7,395 డాలర్లు. ఇది తిరిగి కట్టవలసిన అప్పు కాదు. దీనిపైన న్యూజెర్సీ రాష్ట్రం ఇచ్చే ట్యూషన్ ఎయిడ్ గ్రాంట్ ఉంది. 65,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్ భారం లేకుండా చేసే పథకం ఒకటి ఉంది. అదే ఆదాయ పరిమితితో, నాలుగేళ్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మూడో, నాలుగో సంవత్సరాలకు ట్యూషన్ భారం తీసే గార్డెన్ స్టేట్ గ్యారంటీ కూడా ఉంది. అమ్మాయి పేరు మీద తీసుకోదగిన ఫెడరల్ రుణం మొదటి సంవత్సరం 5,500 డాలర్ల వరకు ఉంటుంది. అందులో 3,500 వరకు చదువు సాగుతున్నంతకాలం వడ్డీని ప్రభుత్వమే భరించే రకం కావచ్చు.

ఇక ఫారం నింపే విషయానికి వద్దాం. ఇప్పటి ఫాఫ్సాలో విద్యార్థికి ఒక ఖాతా, సమాచారం ఇవ్వవలసిన తల్లి లేదా తండ్రికి వేరొక ఖాతా ఉండాలి. అలా సమాచారం ఇచ్చే వ్యక్తిని కంట్రిబ్యూటర్ అంటారు. భార్యాభర్తలు ఉమ్మడిగా ట్యాక్స్ దాఖలు చేసి ఉంటే ఇద్దరిలో ఒక్కరు కంట్రిబ్యూటర్‌గా ఉంటే సరిపోతుంది. మీ కుటుంబానికి ఇది పెద్ద వెసులుబాటు. మీవారు ఖాతా తెరిచి, ట్యాక్స్ వివరాలు తెప్పించుకోవడానికి అంగీకారం తెలిపి, సంతకం చేస్తే చాలు, మీరు విడిగా ఖాతా తెరవనక్కరలేదు. రెండో పేరెంట్‌గా మీ పేరు, పుట్టిన తేదీ వంటివి అడిగిన చోట మీ పాస్‌పోర్టులో, ట్యాక్స్ రిటర్న్‌లో ఉన్నట్టే రాయండి. సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగిన చోట లేదు అన్న గడిని ఎంచుకోండి. ఆ స్థానంలో ఐటీఐఎన్ రాయకండి. రెండింటికీ తొమ్మిదేసి అంకెలే ఉన్నా అవి వేర్వేరు నంబర్లు, ఒకదాని గడిలో మరొకటి రాస్తే వ్యవస్థ దాన్ని తప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబరుగానే చూస్తుంది.

మీవారి నంబరు గురించి మీలో ఉన్న సందేహం చాలామందికి ఉన్నదే. హెచ్‌1బీ పోయినంత మాత్రాన సోషల్ సెక్యూరిటీ నంబరు రద్దు కాదు. ఆయన కార్డు మీద, హోంల్యాండ్ సెక్యూరిటీ అనుమతి ఉంటేనే ఉద్యోగానికి చెల్లుతుందన్న వాక్యం ముద్రించి ఉంటుంది. పోయింది ఆ ఉద్యోగ అనుమతి. నంబరు మాత్రం చట్టబద్ధంగా ఆయనకు ఇచ్చినదే, జీవితాంతం ఆయనదే. కాబట్టి ఫాఫ్సా ఖాతా తెరిచేటప్పుడు ఆ నంబరునే వాడాలి. నంబరు ఉండి కూడా లేదు అని గడి ఎంచుకోవడం అబద్ధం అవుతుంది, పైగా పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్ నుంచి వివరాలు రావడం కూడా ఆగిపోతుంది.

మన తెలుగు వాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఖాతాలో రాసే పేరు సోషల్ సెక్యూరిటీ రికార్డులో ఉన్న పేరుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. మన పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటి పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఒకరికి ఇంటి పేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది, ఇంకొకరికి వెంకట, సత్య, నాగ వంటి పదాలన్నీ కలిసి మొదటి పేరుగా పడతాయి. వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అన్నదానికి పొట్టి రూపం) అని వచ్చినవారు కూడా ఉన్నారు. కార్డును ఎదురుగా పెట్టుకుని, అందులో ఏది ముందు ఏది వెనుక ఉందో అలాగే, ఖాళీలతో సహా రాయండి. బ్యాంకు ఖాతాలోనో డ్రైవింగ్ లైసెన్సులోనో ఉన్న రూపం ఇక్కడ పనికిరాదు. అమ్మాయి తన ఫారం నుంచి తండ్రికి ఆహ్వానం పంపేటప్పుడు ఆయన పేరు, పుట్టిన తేదీ వంటివి ఏవి అడిగినా ఆయన ఖాతాలో ఉన్నట్టే ఇవ్వాలి. ఫారం ముందుకు కదలడం లేదని నా దగ్గరకు వచ్చిన తెలుగు కుటుంబాల్లో ఎక్కువ మందికి కారణం ఇలాంటి పేరు తేడాయే తప్ప స్టేటస్ కాదు.

తల్లిదండ్రులిద్దరికీ సోషల్ సెక్యూరిటీ నంబరు లేని కుటుంబాలు కూడా దరఖాస్తు చేయవచ్చు. కొత్త రూపంలో వచ్చిన 2024–25 ఫారం 2023 డిసెంబరు చివర్లో తెరుచుకున్నప్పుడు, నంబరు లేని తల్లిదండ్రులు ఖాతా దాటి ఫారంలోకి వెళ్లలేక మార్చి దాకా ఆగవలసి వచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో నంబరు లేకపోతే కుదరదు అని ఇప్పటికీ తిరుగుతున్న మాట ఆ రోజుల నాటిది. ఇప్పుడు నంబరు లేదు అని తెలిపి ఖాతా తెరవవచ్చు. ఆదాయ వివరాలను ట్యాక్స్ రిటర్న్ 1040 ఫారం చూసి చేత్తో నింపవలసి రావచ్చు, అంగీకారం, సంతకం మాత్రం తప్పనిసరి. ఆన్‌లైన్‌లో ఎంతకీ కుదరకపోతే కాగితపు ఫారం నింపి తపాలాలో పంపవచ్చు, దానికి తల్లిదండ్రుల ఖాతా అవసరం లేదు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. కొందరు తమది కాని సోషల్ సెక్యూరిటీ నంబరుతో పనిచేస్తూ, పన్నులు మాత్రం ఐటీఐఎన్ మీద కడుతుంటారు. వారిని తప్పుపట్టడానికి నేను ఇది రాయడం లేదు. కానీ ఆ నంబరును ఫాఫ్సాలో ఎక్కడా రాయకూడదు. కాలేజీ, యజమాని ఇచ్చే జీతం లెక్క అయిన డబ్ల్యూ2 పత్రం అడిగే పరిస్థితి వస్తే, దాన్ని ఇచ్చే ముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడాలి.

మీ అన్నయ్య విషయంలో నా సమాధానం వద్దు అనే. ఆయన మంచి మనసుతోనే ముందుకు వచ్చి ఉంటారు, కానీ ఫాఫ్సా దృష్టిలో తల్లిదండ్రులంటే కన్నవారు లేదా చట్టబద్ధంగా దత్తత తీసుకున్నవారు. మేనమామ, బాబాయి, తాతయ్య ఇంట్లో పిల్ల పెరుగుతున్నా, ఖర్చంతా వారే పెడుతున్నా, వారు తల్లిదండ్రులు కారు, వారి ఆదాయం ఫారంలో రాయకూడదు. తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే 20,000 డాలర్ల వరకు జరిమానా, జైలు లేదా రెండూ ఉంటాయని ఫారంలోనే రాసి ఉంటుంది. అమ్మాయిని తల్లిదండ్రులతో సంబంధం లేని స్వతంత్ర విద్యార్థినిగా చూపమని కొందరు ఇచ్చే సలహా కూడా ఇలాంటిదే. వయసు 24 నిండడం, పెళ్లి, సైనిక సేవ, కోర్టు నియమించిన గార్డియన్ వంటి నిర్దిష్ట కారణాలకే ఆ హోదా ఇస్తారు. తల్లిదండ్రులకు కాగితాలు లేకపోవడం అందులో ఒకటి కాదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి మరో పెద్ద కారణం ఉంది. మీ అమ్మాయికి 21 ఏళ్లు నిండాక, ఇప్పటి చట్టం ప్రకారం, ఆమె తన తల్లిదండ్రుల కోసం గ్రీన్ కార్డు పిటిషన్ వేయవచ్చు. వీసా మీద సరైన తనిఖీతో దేశంలోకి వచ్చి తర్వాత గడువు దాటిన తల్లిదండ్రులకు, పౌరులైన పిల్లల ద్వారా ఇక్కడి నుంచే స్టేటస్ సరిచేసుకునే దారి చాలా సందర్భాల్లో ఉంటుంది. మీరిద్దరూ వీసా మీదే వచ్చారు. ఆ దారిని శాశ్వతంగా మూసేయగలిగినవాటిలో ఒకటి, 1996 సెప్టెంబరు 30 తర్వాత ఎప్పుడైనా, ఏ ప్రయోజనం కోసమైనా, తాను అమెరికా పౌరుడినని అబద్ధంగా చెప్పుకోవడం. ఫాఫ్సా మిమ్మల్ని పౌరసత్వం అడగదు కాబట్టి అక్కడ ఆ ప్రమాదం లేదు. అది వచ్చేది తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్ అప్పు అయిన పేరెంట్ ప్లస్ రుణం దగ్గర. కాలేజీ పంపే సహాయ పత్రంలో, అమ్మాయికి వచ్చే గ్రాంట్ల కింద, మిగిలిన మొత్తానికి పేరెంట్ ప్లస్ అని ఒక వరుస తరచుగా ఉంటుంది. అది ఇప్పటికే మంజూరైన సొమ్ము అనుకుని ఆ దరఖాస్తు తెరుస్తారు. ఆ దరఖాస్తు తల్లి లేదా తండ్రి పౌరసత్వ హోదాను అడుగుతుంది, ఎందుకంటే ఆ రుణం తీసుకునేది వారే. తొందరలో, లేదా ఎవరో చెప్పారని, పౌరుడు అన్న గడి ఎంచుకున్నారంటే కొన్ని వేల డాలర్ల అప్పు కోసం రేపటి గ్రీన్ కార్డు అవకాశాన్నే పోగొట్టుకున్నట్టు. కాబట్టి మీరిద్దరూ పేరెంట్ ప్లస్ దరఖాస్తును తెరవనే వద్దు.

అలా వదిలేస్తే అమ్మాయికి నష్టం కలుగుతుందా అంటే, చాలావరకు కలగదు. తల్లిదండ్రులు పేరెంట్ ప్లస్ తీసుకోలేని స్థితిలో ఉన్నారని కాలేజీ ఆర్థిక సహాయ అధికారి నిర్ధారించుకుంటే, విద్యార్థి పేరు మీదే అదనపు రుణం ఇవ్వవచ్చు. మొదటి రెండు సంవత్సరాల్లో అది ఏడాదికి 4,000 డాలర్ల వరకు, ఆ తర్వాత 5,000 వరకు ఉంటుంది. తల్లిదండ్రులు పౌరులు కానీ, అర్హులైన ఇతర జాతీయులు కానీ కాకపోవడం అందుకు ఒప్పుకున్న కారణాల్లో ఒకటి. చాలా కాలేజీల్లో ఈ సంగతిని అడిగితే తప్ప చెప్పరు. అమ్మాయే కార్యాలయానికి వెళ్లి, తన తల్లిదండ్రులు ప్లస్ రుణానికి అర్హులు కారని, తనకు వడ్డీని ప్రభుత్వం భరించని అదనపు అన్‌సబ్సిడైజ్డ్ రుణం పరిశీలించమని అడగాలి. అంతకుమించి మీ వీసా చరిత్ర చెప్పనక్కరలేదు. ఫైలులో ఏం రాస్తారో కూడా ఆమె అడగవచ్చు, అది ఆమె హక్కు. ఇదంతా అప్పే కాబట్టి గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌ల తర్వాత ఎంత తక్కువతో సరిపెట్టుకోగలిగితే అంత మంచిది.

ఇప్పుడు మీరు అన్నిటికంటే ఎక్కువగా భయపడుతున్న విషయం. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వ సంస్థలే నడిపిన బూటకపు విశ్వవిద్యాలయం వ్యవహారంలో ఎందరో తెలుగు విద్యార్థులు చిక్కుకున్న సంగతి మన ఇళ్లలో ఎవరూ మరచిపోలేదు. చట్టం ప్రకారం ఫాఫ్సా సమాచారాన్ని విద్యా సహాయం కోసమే వాడాలని ఉన్నత విద్యా చట్టం పరిమితి పెట్టింది. 1974 నాటి ప్రైవసీ చట్టం, విద్యార్థుల రికార్డులను కాపాడే ఫెర్పా చట్టం, పన్ను సమాచార గోప్యతను నిర్దేశించే నిబంధనలు కూడా ఉన్నాయి. వీటి ఆధారంగా నా వంటివారు ఒకప్పుడు ఏ భయమూ వద్దు, వేసేయండి అని చెప్పేవారు. కానీ 2025 ఏప్రిల్‌లో ఐఆర్‌ఎస్ దగ్గరి చిరునామాలను ఇమ్మిగ్రేషన్ అధికారులకు ఇచ్చేందుకు ట్రెజరీ, హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖల మధ్య ఒప్పందం కుదిరింది, దానిపై కోర్టుల్లో వ్యాజ్యాలు వచ్చాయి. పన్ను సమాచారం విషయంలోనే ఇలా జరిగాక, ఫాఫ్సా సమాచారం ఎప్పటికీ బయటికి పోదని నేను ఎవరికీ హామీ ఇవ్వను. ఇచ్చేవారిని నమ్మవద్దని కూడా చెబుతాను.

అయితే మీ ఇంటికి ఉన్న ప్రమాదాన్ని మీ ఇంటి లెక్కతోనే చూడాలి. మీరు ఏటా రిటర్న్ దాఖలు చేస్తున్నారు, అందులో మీ పేర్లు, ప్రస్తుత చిరునామా ఉన్నాయి. మీ రాక, వీసా గడువు వివరాలు ఇమ్మిగ్రేషన్ శాఖ దగ్గర మొదటి నుంచీ ఉన్నాయి. ఫాఫ్సా వల్ల ప్రభుత్వానికి మీ గురించి కొత్తగా తెలిసేది చాలా తక్కువ, దానివల్ల అమ్మాయికి వచ్చేది నాలుగేళ్ల చదువు. మీవారి మీదగానీ మీ మీదగానీ దేశం నుంచి పంపివేయాలన్న ఉత్తర్వు ఏదీ లేకపోతే, నేను మీ స్థానంలో ఉంటే దరఖాస్తు చేస్తాను. అలాంటి ఉత్తర్వు ఉన్నా, ఇమ్మిగ్రేషన్ కోర్టు నుంచి ఎప్పుడైనా నోటీసు వచ్చి మీరు హాజరు కాకపోయి ఉన్నా, న్యాయవాదిని కలవకుండా అడుగు వేయకండి. ఇప్పటివరకు ఏ ప్రభుత్వ రికార్డులోనూ తమ చిరునామా లేని కుటుంబాలకు కూడా ఇదే చెబుతాను. నిర్ణయం తీసుకునేటప్పుడు అమ్మాయిని కూర్చోబెట్టి మాట్లాడండి. తన చదువు కోసం అమ్మానాన్నలు ఏం పణంగా పెడుతున్నారో తెలియని పిల్లలు తర్వాత చాలా కుమిలిపోవడం చూశాను. ముందే తెలిసిన పిల్లలు దాన్ని ధైర్యంగా మోస్తారు.

ఫాఫ్సా వద్దనుకునే మిశ్రమ స్టేటస్ కుటుంబాల కోసం కొన్ని రాష్ట్రాలు సొంత దారి తెరిచాయి. కాలిఫోర్నియాలో పౌరులైన పిల్లలు కూడా, తల్లిదండ్రులకు స్టేటస్ లేకపోతే, డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు ద్వారా రాష్ట్ర సహాయం పొందవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో వాస్ఫా అనే దరఖాస్తు ఉంది. న్యూజెర్సీలో రాష్ట్ర సహాయాన్ని నిర్వహించేది హెసా అనే సంస్థ, ఈ ఏడాది మీ వంటి కుటుంబాలకు తన ప్రత్యామ్నాయ దరఖాస్తును అనుమతిస్తుందేమో పేరు చెప్పకుండానే ఫోన్ చేసి అడగవచ్చు. ఈ దారిలో రాష్ట్ర సహాయం మాత్రమే వస్తుంది, పెల్ గ్రాంట్ రాదు. పెల్‌కు ఫాఫ్సా ఒక్కటే మార్గం.

పొలం గురించి. విదేశాల్లో ఉన్న ఆస్తి కూడా ఆస్తే, ఫారం అడిగితే రాయాలి. మీ విషయంలో బహుశా అడగదు. అమెరికాలో నివసిస్తూ, ఆదాయం 60,000 డాలర్ల లోపు ఉండి, ట్యాక్స్ రిటర్న్‌తో పాటు అద్దెలు, షేర్ల లాభాలు వంటివాటికి జతచేసే షెడ్యూళ్లు లేని కుటుంబాలకు ఆస్తుల ప్రశ్నల నుంచి మినహాయింపు ఉంది. కానీ పొలం కౌలుకు ఇచ్చి డబ్బు తీసుకుంటూ ఉంటే ఆ ఆదాయం మీ అమెరికా రిటర్న్‌లో చూపవలసినదే, అప్పుడు ఈ లెక్క మారుతుంది. ఆ సంగతి సీపీఏ అనే లైసెన్సు ఉన్న అకౌంటెంటుతో ముందే తేల్చుకోండి.

ప్రైవేటు కాలేజీలకు దరఖాస్తు చేస్తే వాటిలో చాలావాటికి కాలేజ్ బోర్డ్ నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక సహాయ దరఖాస్తు కూడా కావాలి. అది ప్రభుత్వ ఫారం కాదు, తల్లిదండ్రుల సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండానే నింపవచ్చు, కుటుంబ ఆదాయం లక్ష డాలర్ల లోపు ఉంటే రుసుము లేదు. అయితే అది ఆస్తులను చాలా లోతుగా అడుగుతుంది, అక్కడ పొలం విలువ రాయవలసి వస్తుంది. రెండెకరాల పొలం చూసి సహాయం ఎగిరిపోతుందని భయపడకండి, దాని విలువను డాలర్లలోకి మార్చి ఉన్నది ఉన్నట్టు రాసి, అది ఉమ్మడి ఆస్తి అయితే మీ వాటా ఎంతో వివరణ గడిలో తెలపండి.

ఫారం వేసిన తర్వాత కొందరు విద్యార్థులను వెరిఫికేషన్‌కు ఎంపిక చేస్తారు. ఇది సాధారణ తనిఖీ, స్టేటస్ తనిఖీ కాదు. కాలేజీ అడిగిన పత్రాన్ని, అడిగినంతవరకే, కాలేజీ పోర్టల్ ద్వారానే ఇవ్వండి. ఈమెయిల్‌లో ట్యాక్స్ పత్రాలు పంపకండి. నగదుగా సంపాదిస్తూ, చేయవలసి ఉండీ రిటర్న్ దాఖలు చేయని కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే ఆ లోపం సరిచేసేదాకా కాలేజీ ఫెడరల్ సొమ్ము విడుదల చేయలేదు. మీరు ఏటా దాఖలు చేస్తున్నారు కాబట్టి మీకు ఆ చిక్కు లేదు.

ఎక్కడైనా ఒక గుమస్తా మీ అమ్మాయితో, నీ తల్లిదండ్రుల లీగల్ స్టేటస్ చూపితేగానీ రాష్ట్ర సహాయం రాదు, రాష్ట్రంలో నివసించేవారికి ఉండే తక్కువ ఇన్‌స్టేట్ ఫీజు ఇవ్వం అని అంటే ఆమె వెనక్కి రావలసిన పని లేదు. సరిగ్గా ఈ విషయం మీదే మీ రాష్ట్రంలో 2012లో తీర్పు వచ్చింది. అమెరికాలో పుట్టిన ఒక విద్యార్థినికి, తల్లికి చట్టబద్ధ నివాసం లేదన్న కారణంతో ట్యూషన్ ఎయిడ్ గ్రాంట్ నిరాకరిస్తే, న్యూజెర్సీ అప్పీలు న్యాయస్థానం ఆ నిరాకరణను కొట్టివేసి, సహాయం విద్యార్థినికి చెందినదే తప్ప తల్లికి కాదని స్పష్టం చేసింది. అదే ఏడాది ఫ్లోరిడాలో, రూయిజ్ వర్సెస్ రాబిన్సన్ కేసులో, పౌరులైన పిల్లలను తల్లిదండ్రుల స్టేటస్ కారణంగా బయటి రాష్ట్రపు వారిగా లెక్కించడం రాజ్యాంగం హామీ ఇచ్చిన సమాన రక్షణకు విరుద్ధమని ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. అమ్మాయి మర్యాదగా ఆ నిర్ణయాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి, పై అధికారిని కలవాలి. చాలాసార్లు అక్కడితోనే సమస్య తీరుతుంది.

డబ్బు తీసుకుని ఫాఫ్సా నింపుతామనే కన్సల్టెన్సీల దగ్గరికి వెళ్లకండి. ఇది ఉచిత దరఖాస్తు. మీ అమ్మాయి హైస్కూల్ కౌన్సెలర్, ఏ కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయమైనా ఉచితంగా సాయం చేస్తారు. ఫీజు తీసుకుని నింపేవారి దగ్గర మీ పాస్‌వర్డులు, నంబర్లు, స్టేటస్ వివరాలు మూడూ ఉండిపోతాయి, మీ వంటి కుటుంబానికి ప్రభుత్వం కంటే వారి వల్లే ఎక్కువ ఇబ్బంది రావచ్చు. 2026–27కు ఫెడరల్ చివరి గడువు 2027 జూన్ 30 వరకు ఉన్నా, రాష్ట్ర గడువులు, కాలేజీల ప్రాధాన్య గడువులు అంతకంటే చాలా ముందే ముగుస్తాయి కాబట్టి ఆ గడువు చూసి ఆలస్యం చేయకండి. ఈ దరఖాస్తు ప్రతి సంవత్సరం కొత్తగా వేయాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

మీరు అడగలేదు కానీ, మీ ఉత్తరంలో అబ్బాయి గురించి ఒక వాక్యం ఉంది: హైస్కూల్ అయ్యాక వాడికి ఎలాగూ కుదరదని దుకాణంలో పనికి పెట్టాం అని. అతనికి ఫాఫ్సా వర్తించదు, అతని పేరు మీద ఎప్పుడూ వేయకండి. కానీ న్యూజెర్సీలో మూడేళ్లో అంతకంటే ఎక్కువో హైస్కూల్ చదివి, ఇక్కడే డిప్లొమా పొందినవారికి, స్టేటస్ లేకపోయినా, 2013 చట్టంతో ఇన్‌స్టేట్ ఫీజు, 2018 చట్టంతో రాష్ట్ర ఆర్థిక సహాయం రెండూ అందుబాటులోకి వచ్చాయి. హెసా వెబ్‌సైట్‌లో న్యూజెర్సీ డ్రీమర్ల (చిన్నప్పుడే వచ్చి స్టేటస్ లేకుండా ఉన్నవారి) కోసం ఉన్న ప్రత్యామ్నాయ దరఖాస్తు అతనిది. హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకుని మీ కౌంటీ కమ్యూనిటీ కాలేజీకి అతన్ని కూడా తీసుకెళ్లండి. అన్నాచెల్లెళ్ల ఫారంలు వేర్వేరు, కానీ రెండింటికీ కావలసిన 2024 ట్యాక్స్ రిటర్న్ ఒక్కటే.